కాలేయాన్ని దాటి టి-కణం లోపలికి

కోవిడ్ టీకాలు వచ్చాక మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అన్న మాట అందరి నోటా వినిపిస్తోంది. ఒక ప్రోటీన్‌ను ఎలా తయారు చేయాలో చెప్పే సందేశాన్ని ఆర్‌ఎన్‌ఏ రూపంలో శరీరంలోకి పంపితే, మన కణాలే దాన్ని చదువుకుని ఆ ప్రోటీన్‌ను తయారు చేస్తాయన్న సంగతి చాలామంది చదివే ఉంటారు. అందుకేనేమో, ఇక మిగిలినదంతా సులభమేనని, టీకాలో స్పైక్ ప్రోటీన్ సందేశం ఉన్న చోట మరో సందేశం పెడితే ఏ జబ్బుకైనా మందు సిద్ధమవుతుందని అనుకునేవారు తరచుగా కనిపిస్తారు. ఈ రంగాన్ని కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతున్న నాకు విషయం వేరుగా తోస్తుంది. సందేశాన్ని రాయడం ఇవాళ చాలావరకు చేతికి వచ్చిన విద్య. దాన్ని కావలసిన కణం లోపలికి, చదవడానికి వీలైన స్థితిలో చేర్చడం ఇంకా నేర్చుకుంటున్న విద్య. ఆ చేర్పు అన్నిటికంటె కష్టమయ్యేది, ఫలిస్తే అన్నిటికంటె ఎక్కువ మేలు చేయగలిగేది రోగనిరోధక కణాల విషయంలోనే.

టీకాకూ చికిత్సకూ మధ్య ఉన్న ఒక తేడాను ముందుగా గమనించాలి. టీకాలోని ఆర్‌ఎన్‌ఏ చాలా తక్కువ. ఫైజర్–బయోఎన్‌టెక్ టీకాలో పెద్దల మోతాదు 30 మైక్రోగ్రాములు, మోడర్నా తొలి టీకాలో 100 మైక్రోగ్రాములు. కండరంలో ఇచ్చిన ఆ కొద్దిపాటి మందులో కొంత భాగం దగ్గరి శోషరస గ్రంథులకు చేరి, అక్కడ బయటి పదార్థాలను మింగే రోగనిరోధక కణాలైన డెండ్రైటిక్ కణాల్లోనూ మాక్రోఫేజ్‌లలోనూ ప్రవేశించి కాస్త ప్రోటీన్ తయారైతే చాలు, మిగిలిన పనిని రోగనిరోధక వ్యవస్థ తనకు తానే పెంచుకుంటూ పోతుంది. చికిత్సలో ఆ పెంపు మీద ఆధారపడలేము. ఒక టి-కణానికి, అంటే జబ్బు కణాలను గుర్తించి చంపగల తెల్ల రక్తకణానికి, కొత్త గ్రాహకాన్ని (లక్ష్యాన్ని గుర్తుపట్టే పైపొర ప్రోటీన్‌ను) తొడగాలనుకుంటే, సందేశం అందిన టి-కణాలు మాత్రమే ఆ పని చేస్తాయి. అందని కణాల లోటును అందినవి తీర్చలేవు. కనుక టీకాకు సరిపోయిన వాహకం చికిత్సకు సరిపోతుందన్న నమ్మకం మనకు ఉండనక్కరలేదు.

ఇంత శ్రమ పడి రోగనిరోధక కణాల దాకా ఎందుకు వెళ్లాలన్న ప్రశ్నకు సమాధానం కార్-టి చికిత్స చరిత్రలో దొరుకుతుంది. రోగి రక్తం నుంచి టి-కణాలను వేరుచేసి, ప్రయోగశాలలో వాటికి కార్ అనే కృత్రిమ గ్రాహకపు జన్యువును వైరస్ వాహకం ద్వారా అందించి, కోట్ల సంఖ్యలో పెంచి, తిరిగి అదే రోగికి ఎక్కించే ఈ పద్ధతికి అమెరికాలో మొదటి అనుమతి 2017 ఆగస్టులో లభించింది. ఇతర మందులన్నీ విఫలమైన రక్త క్యాన్సర్లలో అది సాధించిన ఫలితాలు అసాధారణమైనవి. తర్వాత జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గెయోర్గ్ షెట్ బృందం ఇదే పద్ధతిని లూపస్ వ్యాధికి ప్రయోగించింది. శరీరం తన మీద తానే దాడి చేసుకునే ఆ జబ్బులో తప్పుడు యాంటీబాడీలకు మూలమైన బి-కణాలను టి-కణాలతో తుడిచివేయించడం వారి ఆలోచన. 2022లో ఐదుగురు రోగుల ఫలితాలను, 2024లో లూపస్‌తో పాటు కండరాల వాపు జబ్బు, చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే సిస్టమిక్ స్క్లెరోసిస్ ఉన్నవారిని కూడా కలిపి పదిహేను మంది ఫలితాలను వారు ప్రచురించారు. ఏళ్ల తరబడి మందులు వాడుతూ వచ్చినవారు వాటిని ఆపివేయగలిగారు. నా దృష్టిలో ఈ దశాబ్దపు వైద్యంలో అతి ముఖ్యమైన ఫలితాలలో అది ఒకటి.

అయితే ఆ చికిత్స తయారయ్యే తీరు చూస్తే అది ఎందరికి అందగలదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క మందును విడిగా తయారు చేయాలి, అందుకు వారాలు పడుతుంది, అత్యంత శుభ్రమైన ప్రత్యేక ప్రయోగశాల కావాలి. కొత్త కణాలకు చోటు చేయడానికి రోగికి ముందుగా ఫ్లుడారబిన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి కీమోథెరపీ మందులు ఇవ్వాలి. క్యాన్సర్‌తో ప్రాణాపాయంలో ఉన్నవారు దీనిని భరిస్తారు. పిల్లలను కనాలనుకుంటున్న వయసులో లూపస్‌తో బాధపడుతున్న స్త్రీకి సంతానశక్తిని దెబ్బతీయగల కీమోథెరపీని సూచించడం అంత తేలిక కాదు. పైగా వైరస్ వాహకం తన జన్యువును కణపు డీఎన్‌ఏలో శాశ్వతంగా చేరుస్తుంది. కార్-టి చికిత్సల తర్వాత అరుదుగా టి-కణ క్యాన్సర్లు కనిపించడంతో ఆ ప్రమాదాన్ని మందుల వివరపత్రాల్లో ప్రముఖంగా హెచ్చరించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో ఆదేశించింది. టి-కణాలను శరీరం నుంచి బయటికి తీయకుండానే, మామూలు సిర ఇంజెక్షన్‌తో, డీఎన్‌ఏ జోలికి వెళ్లని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏతో ఇదే పని చేయించగలిగితే పై ఇబ్బందులలో చాలావాటిని దాటవచ్చు. ఈ ఆలోచన చుట్టూనే ఇప్పుడు పరిశోధన వేగంగా సాగుతోంది.

ఇక వాహకం సంగతి. విడి ఆర్‌ఎన్‌ఏను రక్తంలోకి వదిలితే అక్కడి ఎంజైములు దాన్ని నిమిషాల్లో ముక్కలు చేస్తాయి. అదీ కాక ఆర్‌ఎన్‌ఏ పెద్ద అణువు, నిండా రుణావేశం ఉన్నది. కణ త్వచం కూడా రుణావేశితమే కనుక తనంత తాను లోపలికి పోలేదు. అందుకని దాన్ని సుమారు 60 నుంచి 100 నానోమీటర్ల వ్యాసం ఉన్న లిపిడ్ నానోరేణువులలో పొదుగుతారు. ఈ రేణువులో సాధారణంగా నాలుగు రకాల కొవ్వు పదార్థాలు ఉంటాయి: అయనీకరణ చెందగల లిపిడ్, ఫాస్ఫోలిపిడ్, కొలెస్ట్రాల్, పాలీఇథిలీన్ గ్లైకాల్ తోకను తగిలించిన లిపిడ్. మొదటిదే ఇందులో కీలకం. రక్తపు పీహెచ్ 7.4 దగ్గర అది దాదాపు తటస్థంగా ఉండి కణాలకు హాని చేయదు. కణం లోపలి ఆమ్ల వాతావరణంలోకి వెళ్లగానే ధనావేశం పొంది, తనను చుట్టుముట్టిన త్వచాన్ని చీల్చే గుణం తెచ్చుకుంటుంది. వాంకూవర్‌లో పీటర్ కలిస్, ఆయన సహచరులు దశాబ్దాల పాటు ఈ లిపిడ్ల మీద చేసిన పని లేకపోతే టీకాలూ వచ్చేవి కావు, నేను ఇప్పుడు రాస్తున్న విషయమూ ఉండేది కాదు.

ఈ రేణువులను సిరలోకి ఎక్కిస్తే అవి ప్రధానంగా కాలేయానికి పోతాయి. రక్తంలో తిరుగుతున్నప్పుడు వాటి పైన ఉన్న పాలీఇథిలీన్ గ్లైకాల్ లిపిడ్ క్రమంగా రాలిపోతుంది. ఆ ఖాళీలో అపోలిపోప్రోటీన్-ఇ అనే రక్త ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది. కొవ్వును మోసుకెళ్లే సహజ రేణువులకూ ఇదే ప్రోటీన్ గుర్తుగా ఉంటుంది కనుక, కాలేయ కణాలు తమ ఎల్‌డీఎల్ గ్రాహకాలతో నానోరేణువును కూడా కొలెస్ట్రాల్ వచ్చిందనుకుని లోపలికి లాక్కుంటాయి. ఇలాంటి రేణువులలోనే ఇచ్చే, 2018 ఆగస్టులో అనుమతి పొందిన పటిసిరాన్ అనే మందుకు ఇది వరమైంది. ఆ మందు అణచవలసిన ప్రోటీన్ తయారయ్యేది కాలేయంలోనే. కానీ టి-కణం కోసం బయలుదేరిన మందుకు అదే స్వభావం పెద్ద ఆటంకం. మోతాదులో అధిక భాగం కాలేయంలో దిగిపోతే, మిగిలినది చాలదు. దాన్ని పూడ్చడానికి మోతాదు పెంచితే కాలేయానికే ముప్పు.

కాలేయాన్ని ఎలాగో తప్పించుకున్నా, రోగనిరోధక కణం అంత తేలికగా లోపలికి రానివ్వదు. ఇక్కడ రెండు రకాల కణాలను విడివిడిగా చూడాలి, ఎందుకంటే వాటి కష్టాలు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనవి.

మొదటిది టి-కణం. విశ్రాంతి స్థితిలో ఉన్న టి-కణం సుమారు 6 నుంచి 10 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న చిన్న కణం. కాలేయ కణం 20 నుంచి 30 మైక్రోమీటర్లు ఉంటుంది. పైగా టి-కణంలో కేంద్రకమే దాదాపు అంతా ఆక్రమించుకుని ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కణద్రవ్యం పెద్ద గింజకు పలుచటి తొక్కలా ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏను చదివే రైబోజోములన్నీ ఆ పలుచటి పొరలోనే ఉండాలి. బయటి పదార్థాలను మింగడం దాని వృత్తి కాదు కనుక దాని పైపొర నిదానంగా ఉంటుంది, నానోరేణువులు దాని పక్క నుంచే కొట్టుకుపోతాయి. ఒకవేళ లోపలికి పోయినా, విశ్రాంత కణంలో ప్రోటీన్ తయారీ తక్కువ స్థాయిలో నడుస్తుంది. ప్రయోగశాలలో యాంటీబాడీలతో టి-కణాలను ఉత్తేజపరచి, అవి పెద్దవై విభజన మొదలుపెట్టాక ఆర్‌ఎన్‌ఏ ఇస్తే చక్కగా పనిచేసిన రేణువు, శరీరంలో నిద్రాణంగా ఉన్న టి-కణం ముందు నిలవలేకపోవడానికి ఇదే కారణం. ఈ ఒక్క తేడాను గమనించకుండా గాజు పాత్రలోని ఫలితాలను చూసి సంబరపడే వార్తలు నాకు చాలా ఇబ్బంది కలిగిస్తాయి. ఇంకొకటి: శరీరంలోని లింఫోసైట్లలో (టి-కణాలు, బి-కణాలు వంటి తెల్ల రక్తకణాలలో) ఏ క్షణంలోనైనా రక్తంలో తిరుగుతుండేవి సుమారు 2 శాతం మాత్రమేనని లెక్క. మిగిలినవి ప్లీహంలో, శోషరస గ్రంథుల్లో, ఎముక మజ్జలో, పేగు గోడల్లో ఉంటాయి. సిరలోకి ఎక్కించిన రేణువు రక్తనాళాన్ని వదిలి అక్కడి దాకా ఎలా పోవాలన్నది మరో ప్రశ్న.

రెండవ రకం మాక్రోఫేజ్‌లు, డెండ్రైటిక్ కణాలు. వీటికి రేణువును అందించడం కష్టమే కాదు. కనిపించినదాన్నల్లా మింగడమే వాటి పని. మింగినదాన్ని లైసోజోములలో జీర్ణం చేసుకోవడం కూడా వాటి పనే కాబట్టి చిక్కు అక్కడ మొదలవుతుంది. సందేశం రైబోజోమును చేరే లోపే ముక్కలైపోతుంది. అంతకంటె పెద్ద చిక్కు, వైరస్‌ల రాకను పసిగట్టడానికి ఈ కణాల్లో ప్రత్యేకమైన కాపలా ప్రోటీన్లు ఉండడం. ఎండోజోములలోని (కణం మింగినదాన్ని లోపలికి తెచ్చే సంచులలోని) టోల్ తరహా గ్రాహకాలు 3, 7, 8 లోనికి వచ్చిన ఆర్‌ఎన్‌ఏను గుర్తిస్తాయి, కణద్రవ్యంలోని రిగ్-ఐ, ఎండీఏ-5 అనేవి రెండు పేటల ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటాయి. అలారం మోగితే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ విడుదలవుతుంది, కణం మొత్తంగా ప్రోటీన్ తయారీని తగ్గించుకుంటుంది. మందు చదవబడాలని పంపిన చోటనే చదివే యంత్రాంగం మూతపడుతుంది.

కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఈ అడ్డంకిని మొదట ఎదుర్కొన్నది కూడా రోగనిరోధక కణాల దగ్గరే. మానవ డెండ్రైటిక్ కణాలకు ప్రయోగశాలలో తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏ ఇస్తే అవి వాపు సంకేతాలు విడుదల చేశాయి. సహజంగా రసాయనిక మార్పులు ఎక్కువగా ఉండే రవాణా ఆర్‌ఎన్‌ఏ ఇస్తే అలా జరగలేదు. ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్ అనే అక్షరం స్థానంలో సూడోయూరిడిన్ వంటి మార్పు చెందిన అక్షరాలను పెడితే కాపలా ప్రోటీన్లు ఊరుకుంటాయని 2005లో వారు ప్రచురించారు, 2023లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. తయారీలో ఏర్పడే రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ మలినాలను తొలగించే శుద్ధి పద్ధతులు కూడా ఆ తర్వాత వచ్చాయి. ఒక టీకాకు కొంత ఉత్తేజం మేలే చేస్తుంది. చికిత్సగా ఇచ్చే ఆర్‌ఎన్‌ఏలో ఆ మలినాలను నామమాత్రంగా కూడా ఉపేక్షించరాదని నా అభిప్రాయం.

కాలేయాన్ని దాటించడానికి ఇప్పటిదాకా పరిశోధకులు పట్టిన దారులలో మొదటిది ఆవేశాన్ని మార్చడం. బయోఎన్‌టెక్ వ్యవస్థాపకుడు ఉగుర్ షాహిన్ బృందం 2016లో, లిపిడ్‌కూ ఆర్‌ఎన్‌ఏకూ ఉన్న పాళ్లను సవరించి రేణువుకు మొత్తం మీద స్వల్ప రుణావేశం ఉండేలా చేస్తే, ఏ యాంటీబాడీ తగిలించకుండానే అది ప్లీహంలోని డెండ్రైటిక్ కణాలకు చేరుతుందని చూపించింది. ఇంత సరళమైన మార్పుకు ఇంత ఫలితం ఉండడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. క్లోమ క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత ఒక్కొక్క రోగికి అతని కణితిలోని మార్పులను బట్టి ప్రత్యేకంగా తయారుచేసిన టీకా ఈ తరహా వాహకంతోనే పరీక్షకు వెళ్లింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ నుంచి 2023లో వచ్చిన నివేదికలో పదహారు మందిలో ఎనిమిది మందికి ఆ టీకా లక్ష్యాలను గుర్తించే టి-కణాలు గణనీయంగా ఏర్పడ్డాయి. టెక్సస్‌లోని డేనియల్ సీగ్వర్ట్ బృందం 2020లో మరో మార్గం చూపింది. మామూలు నాలుగు పదార్థాలకు ఐదవ లిపిడ్‌ను చేర్చారు. అది ధనావేశితమైతే రేణువులు ఊపిరితిత్తులకు, రుణావేశితమైతే ప్లీహానికి మళ్లాయి. రేణువు పైకి ఏ రక్త ప్రోటీన్లు చేరతాయన్నది ఆవేశంతో మారుతుంది, గమ్యాన్ని నిర్ణయించేది చాలావరకు ఆ ప్రోటీన్లే. అయితే ప్లీహానికి చేరడం వేరు, ప్లీహంలోని టి-కణంలోకి చేరడం వేరు. అక్కడ కూడా ముందుగా నోరు తెరిచి ఉండేవి మాక్రోఫేజ్‌లే.

అందుకని టి-కణం కోసం యాంటీబాడీల సాయం తీసుకున్నారు. టి-కణపు పైపొర మీద ఉండే సీడీ-4, సీడీ-5, సీడీ-7, సీడీ-8 వంటి గుర్తు ప్రోటీన్లలో ఒకదానికి అతుక్కునే యాంటీబాడీని నానోరేణువు పైన తగిలిస్తే, అది అతుక్కోవడమే కాక, ఆ గుర్తు ప్రోటీన్ లోపలికి ముడుచుకునేటప్పుడు రేణువు కూడా దానితో పాటు లోపలికి పోతుంది. టెల్ అవీవ్‌లో డాన్ పీర్ బృందం ఈ దిశలో చాలా ముందుగా పనిచేసింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వైస్‌మన్, హమీదే పర్హీజ్ తదితరులు 2021లో సీడీ-4 యాంటీబాడీతో చేసిన ఎలుకల ప్రయోగంలో, ప్లీహంలోని సీడీ-4 కణాలలో సుమారు 60 శాతం, శోషరస గ్రంథులలోని వాటిలో సుమారు 40 శాతం సందేశాన్ని అందుకున్నట్లు తేలింది. ఏ గుర్తును ఎంచుకోవాలన్నది చిన్న విషయం కాదు. సీడీ-3ని ఎంచుకుంటే కణం ఆర్‌ఎన్‌ఏను చదవడానికి అనువుగా మేల్కొంటుంది, కానీ ఒంట్లోని టి-కణాలన్నిటినీ ఒకేసారి మేల్కొల్పితే సైటోకైన్‌లనే వాపు సంకేత ప్రోటీన్ల ఉప్పెన రావచ్చు. సీడీ-8ని ఎంచుకుంటే చంపగల టి-కణాలకే సందేశం అందుతుంది, సహాయక టి-కణాలు పక్కన ఉండిపోతాయి. యాంటీబాడీని మొత్తంగా వాడితే దాని తోక భాగాన్ని మాక్రోఫేజ్‌లు పట్టుకునే వీలుంది కనుక, ఆ భాగాన్ని తీసివేసిన ముక్కలను వాడడం మంచిదన్న ఆలోచన కూడా ఉంది. నాకు ఇది సబబుగానే తోస్తుంది.

యాంటీబాడీ తగిలించిన రేణువును పెద్ద ఎత్తున, ప్రతిసారీ ఒకే నాణ్యతతో తయారు చేయడం కష్టం. అందుకే లిపిడ్ల ఆకృతిని మార్చి, యాంటీబాడీ లేకుండానే టి-కణానికి చేరే రేణువుల కోసం వెతికేవారూ ఉన్నారు. ఇందుకు జేమ్స్ డాల్‌మన్ బృందం జార్జియా టెక్‌లో అనుసరించిన పద్ధతి చాలా విలువైనది. ఒక్కొక్క రకం రేణువులో ఒక్కొక్క డీఎన్‌ఏ గుర్తు పెట్టి, వందకు పైగా రకాలను కలిపి ఒకే ఎలుకకు ఎక్కించి, ఏ గుర్తు ఏ కణంలో తేలిందో వరుసక్రమ విశ్లేషణతో చదివారు. గాజు పాత్రలోని కణాలలో బాగా పనిచేసిన రేణువుకూ, ప్రాణి శరీరంలో బాగా పనిచేసిన రేణువుకూ మధ్య సంబంధం బలహీనమని ఆ పనిలో వెల్లడైంది. ఇంతకాలం గాజు పాత్రలో ఓడిపోయిందని పక్కన పెట్టిన రేణువులలో ఎన్ని మంచివి పోయాయో!

సందేశంలోనే జాగ్రత్త రాసి పెట్టే ఉపాయం కూడా ఉంది. కాలేయ కణాలలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ సమృద్ధిగా ఉంటుంది, ఇతర కణాలలో దాదాపు ఉండదు. అది అతుక్కునే వరుసను మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలో చేరిస్తే, పొరపాటున కాలేయంలో దిగిన సందేశం చదవబడకుండానే నాశనమవుతుంది. సందేశం తప్పు చోటికి చేరినా అక్కడ చదవబడకుండా చూసే ఈ పద్ధతిని వాహకాల పరిశోధకులు ఇంకా ఎక్కువగా వాడుకోవాలని నేను కోరుకుంటాను.

ఇప్పటిదాకా చెప్పినదంతా కణం గుమ్మం దాకా సాగిన ప్రయాణం. అసలు నష్టం ఆ తర్వాతనే జరుగుతుంది. కణం రేణువును ఎండోజోమ్ అనే సంచిలో పెట్టి లోపలికి తీసుకుంటుంది. ఆ సంచి క్రమంగా ఆమ్లభరితమై, చివరికి లైసోజోములో కలిసిపోతుంది. ఈ మధ్య కాలంలోనే అయనీకరణ చెందగల లిపిడ్ ధనావేశం పొంది సంచి గోడను చీల్చి ఆర్‌ఎన్‌ఏను కణద్రవ్యంలోకి విడుదల చేయాలి. 2013లో చిన్న అంతరాయక ఆర్‌ఎన్‌ఏతో (ఒక ప్రోటీన్ తయారీని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏతో) చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, కణం లోపలికి పోయిన దానిలో ఒకటి రెండు శాతం మాత్రమే సంచిని దాటి బయటపడినట్లు తేలింది. తర్వాత లిపిడ్లు మెరుగుపడ్డాయి, అయినా అధిక భాగం సంచిలోనే నశిస్తుందన్న మాట మారలేదు. వెలుగు రంగు అంటించిన రేణువు టి-కణంలో కనిపించిందని చూపే బొమ్మ పత్రికల ముఖచిత్రానికి బాగుంటుంది, కానీ ఆ వెలుగులో ఎక్కువ భాగం జీర్ణం కాబోతున్న మందుదే కావచ్చు. కనుక ఎంత లోపలికి పోయిందని కాక, ఎంత ప్రోటీన్ తయారైందని, అది ఎన్ని కణాలలో, ఎన్ని గంటల పాటు నిలిచిందని చూపే పత్రాలనే నేను నమ్ముతాను. చదివేవారికి కూడా అదే సలహా ఇస్తాను.

ఎన్ని గంటలు అన్న ప్రశ్న దగ్గర ఈ చికిత్స మీద ఉన్న పెద్ద విమర్శ ఎదురవుతుంది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ నిలవదు. గంటల నుంచి కొద్ది రోజులలో అది క్షీణిస్తుంది, అది తయారుచేసిన గ్రాహకం కూడా కొన్నాళ్లకు పోతుంది, కణం విభజన చెందితే ఇంకా త్వరగా పలుచబడుతుంది. జొనాథన్ ఎప్‌స్టీన్ బృందం 2022 జనవరిలో ప్రచురించిన ప్రయోగంలో దీన్ని స్పష్టంగా చూడవచ్చు. గుండె కండరం గట్టిపడిన ఎలుకలకు సీడీ-5 యాంటీబాడీ తగిలించిన రేణువులలో కార్ గ్రాహకపు సందేశాన్ని ఎక్కించారు. రెండు రోజులకు సుమారు ఐదో వంతు టి-కణాల మీద ఆ గ్రాహకం కనిపించింది, వారం తిరిగేసరికి కనుమరుగైంది. అయినా ఆ కొద్ది రోజులలోనే మచ్చ కణజాలాన్ని పెంచే కణాలు తగ్గి, గుండె పనితీరు మెరుగుపడింది. మచ్చ కణజాలపు కణాలను శాశ్వతంగా వేటాడే టి-కణాలు ఒంట్లో మిగిలిపోతే రేపు గాయం మానడానికి కూడా ఆ కణాలు ఉండవు. కనుక ఇక్కడ గ్రాహకం పోవడమే కావలసిన లక్షణం.

అందువల్ల ఈ తాత్కాలికతను లోపంగా చూడడం సరికాదని నా గట్టి అభిప్రాయం. దానికి తగిన జబ్బును ఎంచుకోవాలి. పెద్ద కణితిని నెలల తరబడి తరిమికొట్టవలసిన క్యాన్సర్‌లో అది నిజంగానే బలహీనత, మళ్లీ మళ్లీ ఇస్తే తప్ప చాలకపోవచ్చు. స్వయం ప్రతిరక్షక వ్యాధులలో పరిస్థితి వేరు. అక్కడ బి-కణాలను ఒకసారి లోతుగా తుడిచివేసి, మజ్జ నుంచి కొత్త బి-కణాలు పుట్టుకొచ్చే అవకాశం ఇస్తే చాలునని ఎర్లాంగెన్ రోగులలో కనిపించింది. కండరాల బలహీనతకు దారితీసే మయస్తీనియా గ్రేవిస్‌లో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏతో మార్చిన టి-కణాలను, అయితే శరీరం బయట మార్చినవాటిని, ముందస్తు కీమోథెరపీ లేకుండానే వారానికొకసారి ఎక్కించిన ఒక పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి, రోగుల లక్షణాలు తగ్గాయి. మోతాదును మందులా కొలిచి ఇవ్వడం, అవసరమైతే ఆపడం అక్కడ సాధ్యమైంది.

శరీరం లోపలే ఈ పని చేయించడంలో 2025 చాలా ముఖ్యమైన సంవత్సరం. జూన్‌లో క్యాప్‌స్టన్ సంస్థ పరిశోధకులు, పెన్సిల్వేనియా శాస్త్రవేత్తలు కలిసి సీడీ-8 కణాలను వెతికి పట్టుకుని వాటికి కార్ సందేశాన్ని అందించే రేణువుల ఫలితాలను ప్రచురించారు. కోతులలో బి-కణాలు రక్తంలోనే కాక కణజాలాల్లో కూడా తుడిచిపెట్టుకుపోయి, కొన్ని వారాల తర్వాత తిరిగి వచ్చినప్పుడు ఎక్కువ భాగం ఇంకా దేనినీ ఎదుర్కోని కొత్త బి-కణాలుగా కనిపించాయి. అదే సంవత్సరం చైనాలోని ఒక వైద్య బృందం ఇలాంటి రేణువులనే ఐదుగురు లూపస్ రోగులకు ఇచ్చిన తొలి నివేదికను వెలువరించింది. ఇంకో వైపు మెల్‌బోర్న్‌లోని డోహెర్టీ సంస్థలో, యాంటీబాడీ లేకుండానే, ఉత్తేజపరచకుండానే విశ్రాంత సీడీ-4 కణాలలోకి సందేశాన్ని చేర్చే రేణువును తయారుచేశారు. హెచ్‌ఐవీ ఉన్నవారు దానం చేసిన కణాలలో దాగి ఉన్న వైరస్‌ను ఆ సందేశం బయటికి రప్పించింది. విశ్రాంత టి-కణం నానోరేణువుకు లొంగదని ఏళ్లుగా అనుకుంటూ వచ్చిన మాట అక్కడ సడలింది కనుక, మిగిలిన రెండింటి కంటె తక్కువ ప్రచారం పొందిన ఈ ఫలితమే నన్ను ఎక్కువగా కదిలించింది. అది ఇంకా గాజు పాత్రలోని ఫలితమేనన్న షరతును మరవకుండానే ఈ మాట అంటున్నాను.

ఐదుగురు రోగులతో ఏదీ తేలదు. ఇక ముందు వచ్చే నివేదికలలో నేను వెతికేవి కొన్ని ఉన్నాయి. పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు వ్యతిరేకంగా చాలామంది రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి, మందును పదేపదే ఇచ్చినప్పుడు అవి పెరిగి రేణువులను త్వరగా తొలగించే ప్రమాదం ఉంది. కనుక మూడవ మోతాదు మొదటి మోతాదంత బాగా పనిచేసిందా అన్నది చూస్తాను. ఇంజెక్షన్ తర్వాత మొదటి రెండు రోజుల్లో వచ్చే జ్వరం, రక్తపోటు పతనం ఎంత తీవ్రంగా ఉన్నాయో, అవి కార్ టి-కణాలు పని మొదలుపెట్టినందువల్ల వచ్చాయో, రేణువు మీద శరీరం తిరగబడినందువల్ల వచ్చాయో వేరుచేసి చెప్పారా అన్నది చూస్తాను. రక్తంలోని బి-కణాల లెక్కతో సరిపెట్టకుండా శోషరస గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారా అన్నది అన్నిటికంటె ముఖ్యం. రక్తంలో శూన్యమైనంత మాత్రాన గ్రంథిలో శూన్యమైనట్లు కాదు. అక్కడ మిగిలిపోయిన కొద్దిపాటి బి-కణాల నుంచే లూపస్ మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది.